కుర్చీలు వచ్చాయి, ఓటర్లు దారిలో ఉన్నారు

ప్రొద్దుటూరు,
అక్టోబరు 9.

దాసయ్య బావకు,

పాలయ్య వందనాలు. అక్కకు గూడా చెప్పు. ఈ కాలంలో జాబేందని నవ్వుకోవద్దు. నా సెల్లు నా చేతిలో ల్యా. అంగట్లో బిల్లులు తీసే కంప్యూటర్లోనే టైపు కొట్టి, ప్రింటు తీసి, జమ్మలమడుగు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తాండా. మా ఇంటామె ఫోన్లో మాట్లాడొచ్చు గానీ, ఎవడు ఏది రికార్డు చేసి యాడ పెడతాడో తెలీని రోజులు. కాగితమైతే చదివి పొయ్యిలో వేసెయ్యొచ్చు. తప్పులుంటే సర్దుకో, వేలు శానా స్పీడుగా పోతాంది.

జరిగింది చెప్తా. మొన్న మూడో తేదీ రాతిమిద్దె ఆయన మైలవరం కాడ ఓట్ల మీటింగు పెట్టినాడు. మన బేతేలు సప్లయర్స్ నుంచి షామియానా, మైకు, అయిదు నూర్ల కుర్చీలు పోయినాయి. అంటే నాకుండే కుర్చీలన్నీ పోయినట్టే. పొద్దున తొమ్మిదికల్లా నేనూ వ్యాన్ డ్రైవరు లాల్ బాషా కలిసి వరసలు పెట్టినాం. నా అలవాటు నీకు తెలుసు గదా, కుర్చీలు వేసినాక ఎవురూ కూచోకముందే ఒక ఫోటో తీస్తా. లెక్కకు లెక్క, బేరానికి బేరం. వరస తిన్నగా కనిపిస్తే పెండ్లోళ్ళు ఎతుక్కుంటా వస్తారు. తీసి స్టేటస్ పెట్టినా. సాయంత్రం మీటింగుకు జనం ఎంతమంది వచ్చినారంటే, కుర్చీలు చాలక మొగోళ్ళు ప్రహరీ గోడ ఎక్కి కూచున్నారు.

మీటింగు ముగిసే పొద్దుకు నా ఫోటో ప్రతి సెల్లులోనూ ఉంది బావా. కింద ఎవురో ఒక ముక్క రాసినారు: “కుర్చీలు వచ్చాయి. ఓటర్లు దారిలో ఉన్నారట, ఎవరికైనా కనిపిస్తే కాస్త దారి చూపించండి.”

కుర్చీల వీపుల మీద మన పేరూ ఫోన్ నంబరూ ఇంతింత అక్షరాలు. ఎవరూ ఎత్తకపోకుండా నేనే రాయించినా. రెండు దినాల్లో నూట నలభై ఫోన్లు. నూట ముప్పై ఆరు మంది తిట్టినారు, నలుగురు రేటు అడిగినారు.

రాతిమిద్దె వాళ్ళు కుర్చీలు తిరిగి పంపల్యా. మూడోనాడు ఖలందర్ వచ్చినాడు. రాతిమిద్దె ఆయనకు ఈ ఫోన్ల ప్రచారమంతా చూసేది ఇతనే.

“మామా, వెనకటి కాలమైతే మా పెద్దాయన మీ ఇంటికి వేరేవాళ్ళను పంపేవాడు. ఇప్పుడు నన్ను పంపినాడు. సంతోషపడు” అన్నాడు.

“సంతోషమే అప్పా, నా కుర్చీలెప్పుడు పంపిస్తారు?” అన్నా.

“ఆ ముక్క రాసినోన్ని నువ్వు పిల్చుకోనొచ్చిన దినం. ఫోటో నీది, కుర్చీలు నీవి. రాసినోడు నీకు తెలీకుండా ఎట్లుంటాడు? కొత్తమిద్దె వాళ్ళకు అమ్మినావా?”

నా సెల్లు గూడా తీసుకోని పోయినాడు. అందులో ఏముంది, స్టేటస్ ఒక దినమే ఉంటాది, చూసినోళ్ళ పేర్లు దాంతోనే పోయినాయి.

ఈ రెండు మిద్దెల కక్షల సంగతి నీకు చెప్పాల్నా. మా నాయన కాలంలో రాతిమిద్దె వాళ్ళు ఒక ట్రాక్టరులో, కొత్తమిద్దె వాళ్ళు ఒక ట్రాక్టరులో, మధ్యలో మనం గడ్డివాము ఎనక. ఇప్పుడు ట్రాక్టర్లు పోయి సెల్లులు వచ్చినాయి గానీ గడ్డివాము ఎనక మాత్రం మనమే.

అసలు భయం ఇది. నవంబరు 29న పులివెందులలో లాల్ బాషా వాళ్ళ అక్క ఖమర్‌బీ బిడ్డ పెండ్లి. నాలుగు నూర్ల కుర్చీలకు మాట ఇచ్చినా. వేరే సప్లయర్లను అడిగితే, నాకిస్తే వాళ్ళ కుర్చీలు గూడా లోపల పడతాయని తల అడ్డంగా ఊపుతాండారు. ఆ దినానికి కుర్చీలు ల్యాకపోతే ఇరవై రెండేండ్ల అంగడి మూసుకోవాల్సిందే.

నువ్వు ముప్పై నాలుగేండ్లు తెలుగు చెప్పినోడివి. పిల్లోల్ల పేపరు చూసి ఎవని పక్కన ఎవడు కూచున్నాడో చెప్పేటోడివి. ఆ ముక్క చూసి ఎవురు రాసింటారో చెప్పు.

నీ
పాలయ్య


జమ్మలమడుగు,
అక్టోబరు 15.

పాలయ్యకు,

నీ ఉత్తరం అందింది. కండక్టరు దాన్ని మా వీధి మొదట్లో ఒకరికిచ్చి పోతే, ఆయన తీరిగ్గా చదివి, తర్వాత నాకు ఇచ్చాడు. ఇకమీదట కవరు అంటించు.

జరిగినదానికి చాలా బాధపడ్డాను. నేను ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే. ఈ సెల్‌ఫోన్ వచ్చాక మనుషులు చూడటం మానేసి నమ్మడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఒక సంగతి ఊరు దాటాలంటే నలుగురు నోళ్ళు దాటాలి. ఆ నలుగురిలో ఒకడైనా “నువ్వు చూశావా?” అని అడిగేవాడు. ఇప్పుడు అడిగే ఆ నాలుగోవాడు లేడు. ఎవడికి ఓటు వేయాలో, ఎవడిని తిట్టాలో బొటనవేలే చెబుతోంది. దీని మీద మా పింఛనుదారుల సభలో అరగంట మాట్లాడాను. అందరూ మెచ్చుకుని వీడియో తీశారు.

ఇక నువ్వు అడిగిన సంగతి. ఆ ముక్క నాలుగైదుసార్లు చదివాను. రాసినవాడు చదువుకున్నవాడే. “కాస్త దారి చూపించండి” అనడంలో ఒక మర్యాద ఉంది. తిట్టు లేదు, బూతు లేదు. వాక్యం మటుకు బాగుంది, ఒప్పుకోవాలి. ఇంతకు మించి ఎవరని చెప్పడం కష్టం. జిల్లాలో ఇట్లా రాయగలవాళ్ళు ఎంతోమంది లేరు.

నా సలహా విను. వెతకడం మానుకో. జనం వారం రోజుల్లో మరచిపోతారు. అప్పుడు వాళ్ళే కుర్చీలు ఇస్తారు. అంతగా అవసరమైతే మన చర్చి బెంచీలు అరవై ఉన్నాయి, పాస్టరుగారితో నేను మాట్లాడతాను.

మీ అక్క బాగుంది. ఈమధ్య నాతో తక్కువ మాట్లాడుతోంది.

దాసయ్య


ప్రొద్దుటూరు,
నవంబరు 6.

బావకు,

వారంలో మరచిపోతారన్నావు. నెలయింది. మరచిపోవడం కాదు, నా కుర్చీలు దేశం తిరుగుతాండాయి. కర్నూలు పక్కన ఎవరో నాయకుని మీటింగని ఒకరు పెట్టినారు. ఇంకొకరు అనంతపురమన్నారు. ఒకడైతే తమిళంలో రాసినాడు. నేను ఈ అంగడి ఇడిసి మదనపల్లె దాటింది ల్యా, నా కుర్చీలు మద్రాసు చూసొచ్చినాయి.

ఇంకో తమాషా విను. మొన్న రాతిమిద్దె వాళ్ళే అదే ఫోటో తీసి, కొత్తమిద్దె ఆయన మీటింగంట అని తిప్పినారు. ఇప్పుడు కొత్తమిద్దె వాళ్ళు గూడా వచ్చినారు నా మీదికి. “మా మీటింగుకు నీ కుర్చీలు ఎప్పుడు పిలిచినాం అప్పా?” అంటారు. నేనూ అదే గదా చెప్తాండేది. ఇద్దరూ ఇరవై ఏండ్లుగా ఒక్క మాట మీదికి రాల్యా, పాలయ్య తప్పుడోడు అనే దానికాడ వచ్చినారు.

ఖమర్‌బీ పులివెందుల నుంచి మా ఇంటామెకు ఫోన్ చేసింది. వియ్యంకుల తరపున ఎవరో ఫోటో చూపించి, “ఈ కుర్చీలేస్తే జనం రారంట గదా” అన్నారంట. “అన్నా, జనం వస్తారా రారా నాకు తెలీదు, కుర్చీలు మాత్రం రావాల” అంటాది ఆమె. నీ చర్చి బెంచీల గురించి చెప్పినా. నిఖాకు బెంచీల మీద కూచోబెడితే పరీక్ష రాసేదానికి వచ్చినట్టు ఉంటాదంట.

కాబట్టి ఒక నిర్ణయానికి వచ్చినా బావా. ఫోటో తీసేటప్పుడు నా పక్కన ఉండింది లాల్ బాషా ఒక్కడే. స్టేటస్ గూడా అతనే ముందు చూసినాడు. మాటకారి. అతని అక్క బిడ్డ పెండ్లి గదా అని నేను మొగమాటపడి ఊరకుంటే అయ్యేట్టు ల్యా. వచ్చే సోమవారం అతన్ని పిల్చుకోనిపోయి ఖలందర్ ముందర నిలబెడతా. అతను రాసినాడో ల్యాదో వాళ్ళే తేల్చుకుంటారు. నా కుర్చీలు నాకు వస్తాయి.

నువ్వేమంటావు? పెద్దోడివి, నీకు చెప్పకుండా చెయ్యకూడదని రాస్తాండా. కవరు అంటించినా.

పాలయ్య


జమ్మలమడుగు,
నవంబరు 10.

పాలయ్యా,

లాల్ బాషాను ఎక్కడికీ తీసుకుపోవద్దు. ముందు ఆ మాట చదివి, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం ఏడో తేదీ పొద్దున అందింది. చదివి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ప్రాణం తేలికపడింది. నడకకు వచ్చే మిత్రులతో టీకొట్టు దగ్గర అనేశాను, “ఆ కుర్చీల ఫోటో పని ఎవరో వ్యాన్ డ్రైవరుదట” అని. పేరు చెప్పలేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను. గంటసేపు చాలా హాయిగా ఉన్నాను.

మధ్యాహ్నానికి లాల్ బాషా ఫోటో నా ఫోన్లోకే వచ్చింది. వ్యాన్ పక్కన నిలబడి నవ్వుతున్న ఫోటో. కింద రాసిన మాటలు ఇక్కడ రాయను. ఆయన మతం కూడా లాగారు. అది నేను రాయలేదు.

ముందుది మాత్రం నేనే రాశాను.

మూడో తేదీ పొద్దున నీ స్టేటస్ చూశాను. వరసలు ఎంత తిన్నగా ఉన్నాయో అని ముచ్చటపడి, మా రిటైర్డు టీచర్ల గ్రూపులో పెట్టాను. నేను కాక పదకొండు మంది. ఊరికే పెడితే ఎవరూ మాట్లాడరని ఆ ముక్క చేర్చాను. అంతకుముందు వారం రోజులు నా గుడ్ మార్నింగులకు ఒక్కరూ జవాబివ్వలేదు. దీనికి పదిమంది నవ్వారు. పదకొండోవాడు నవ్వలేదు, పంపించాడు. వాళ్ళ అల్లుడు కొత్తమిద్దె వాళ్ళ మనిషట.

నీ మొదటి ఉత్తరానికి నేను రాసిన జవాబు గుర్తుచేసుకుంటే నన్ను నేను బెంచీ ఎక్కించాలనిపిస్తోంది. అన్నిటికన్నా అవమానం, నా వాక్యాన్ని నేనే మెచ్చుకున్నాను.

సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. నేరుగా రాతిమిద్దెకు పోతాను. నువ్వు వెంట రావద్దు.

దాసయ్య


పులివెందుల,
నవంబరు 14.

బావా,

నువ్వు ప్రొద్దుటూరు చేరే పొద్దుకు నేను ఊర్లో ల్యా. లాల్ బాషా ఫోటో చూసిన దినమే అతన్ని వ్యాన్లో ఎక్కించుకోని పులివెందుల వచ్చేసినా. ఖమర్‌బీ ఇంట్లో ఉండాం. నీ జాబు మా ఇంటామె ఈడికే పంపించింది. అతని రెండు బాడుగలు ఒక్క దినంలో పోయినాయి. ప్రొద్దుటూరులో అతని వీధోళ్ళు నీళ్ళ కాడ అతని పెండ్లాంతో మాట్లాడటం మానుకున్నారంట. అతను పొద్దున్నుంచి ఎర్రగడ్డలు తరుగుతా కూచోనుండాడు. కండ్లల్లో నీళ్ళొస్తే ఎర్రగడ్డలంటాడు.

నువ్వు రాసిన ముక్క మీద నాకు కోపం ల్యా. నాకే నవ్వొచ్చింది, అదీ నా కుర్చీలు లోపల పడినాక. టీకొట్టు కాడ అన్న మాట మీదనే కోపం. ఇంతకంటే ఎక్కువ రాయను, దాంట్లో నాకూ భాగముంది. ఎట్లనో తర్వాత చెప్తా.

పెండ్లి ఇంకా పదిహేను దినాలు. ఖమర్‌బీ పొద్దునా సాయంత్రం అడుగుతాంది. ఆడ ఏమైందో రాయి. ఖలందర్‌తో వాదం పెట్టుకోవద్దు, బీపీ మాత్ర మరచిపోవద్దు.

పాలయ్య


ప్రొద్దుటూరు,
నవంబరు 24.

పాలయ్యకు,

నీ కంప్యూటరు ముందు కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వెతుక్కునేసరికి మాట మరచిపోతున్నాను. అయినా జరిగింది వరసగా చెబుతాను.

ఆ సోమవారం పోయి, ఖలందర్‌తో, “నాయనా, ఆ వాక్యం రాసింది నేను” అన్నాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, “పో సార్, పాలయ్య మామ మిమ్మల్ని బాడుగకు తెచ్చినాడా?” అన్నాడు. నమ్మించడానికే అరగంట పట్టింది. చివరకు అక్కడే అలాంటివి ఇంకో రెండు రాసి చూపిస్తే నమ్మాడు. రెండోదానికి నవ్వాడు కూడా.

నన్ను నిలబెట్టి వీడియో తీశారు. తప్పు నాదని, ఫోటో పొద్దున తీసిందని, పాలయ్యకూ లాల్ బాషాకూ ఏ సంబంధమూ లేదని చెప్పాను. ఊరంతా పంపారు. మూడు రోజుల్లో రెండు వందల పన్నెండు మంది చూశారు. అందులో సగం మన చర్చివాళ్ళే. ఫోటో అప్పటికి తొమ్మిది లక్షలు దాటిందట.

పెద్దాయన పిలిచారు. చాలా మర్యాదగా మాట్లాడే మనిషి, అందుకే భయం వేసింది. “సారూ, అబద్దం ఎంత దూరం పోయిందో నిజం గూడా అంత దూరం పోవాల గదా. పోనీండి. అంత దూరం పోయిన దినం కుర్చీలు తీస్కపోండి” అన్నారు.

“ఎప్పటికి పోతుందయ్యా?” అన్నాను.

“అది మీ వాక్యాన్ని అడగండి” అన్నారు.

నాకేం తోచక, ఆవరణలో పేర్చి ఉన్న నీ కుర్చీల్లో ఒకటి తీసి వేపచెట్టు కింద వేసుకుని కూర్చున్నాను. నిజం అంత దూరం చేరేదాకా ఇక్కడే ఉంటానన్నాను. ఖలందర్, “ఉండండి సార్, టీ తాగండి” అన్నాడు. వాళ్ళ పొరపాటు అక్కడ జరిగింది.

మరుసటి రోజు నన్ను చూడటానికి ఎవరో వచ్చారు. “కుర్చీల ముక్క రాసిన అయ్యవారు నువ్వేనా?” అన్నారు. నిలబెట్టి మాట్లాడటం బాగుండదని ఇంకో కుర్చీ తీశాను. అటు తర్వాత పెద్దాయన దగ్గరికి పనుల మీద వచ్చేవాళ్ళు కూడా కూర్చోవడం మొదలుపెట్టారు. మామూలుగా వాళ్ళను లోపలికి ఒక్కొక్కరిని పిలుస్తారట. “అందరికీ అయ్యింది, నీదొక్కటే ఆలస్యమైంది, చూద్దాం పో” అని పంపేస్తారట. ఇక్కడేమో పక్కపక్కన కూర్చున్నారు. చాపాడు రైతు ఒకాయన, “నా ఒక్కని చేనుకే నీళ్ళు రాల్యా” అన్నాడు. పక్కాయన, “అదేంది, నాకూ అదే చెప్పినారే” అన్నాడు. కొండాపురం నుంచి వచ్చిన ఒకామె, “మా కాలనీలో కొళాయి గూడా నా ఇంటిదొక్కటే చెడిపోయిందంట” అంది. వెనక వరసలోంచి ఇద్దరు లేచి, “మాదీ నీ కాలనీనే, మావీ చెడిపోయినాయి” అన్నారు. పాలయ్యా, వీళ్ళందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి. అవతలి పార్టీవాడు హైదరాబాదులో ఏం తిన్నాడో అందరికీ తెలుసు. పక్కవాడి చేనుకు నీళ్ళు రాలేదని మాత్రం ఎవరికీ తెలియదు.

ఆరోరోజుకు మూడు వందల కుర్చీలు పరిచి ఉన్నాయి. టీకి పెద్ద గిన్నె తెచ్చారు. అప్పుడు ఖలందర్‌కు ఒక ఆలోచన వచ్చింది. “సార్, ఇంతమంది వచ్చినారు గదా, మా పెద్దాయన బలం జనానికి చూపిస్తా” అని ఫోన్ ఎత్తి లైవ్ పెట్టాడు. సరిగ్గా అప్పుడే కొండాపురం ఆమె లేచి కొళాయిల సంగతి మొత్తం, ఇంటింటి పేరుతో చెప్పింది. తర్వాత చాపాడు ఆయన. మధ్యలో ఆపుదామంటే ఖలందర్ చుట్టూ జనం. పెద్దాయన మిద్దెమీది నుంచి చూస్తూ, “ఖలందర్, కుర్చీలెత్తించు” అన్నారు. అరవలేదు. మెల్లగానే అన్నారు.

ఆ సాయంత్రమే వాళ్ళ సొంత లారీలో నీ అంగడికి పంపారు. నాలుగు వందల తొంభై ఏడు ఉన్నాయి. మూడు విరిగాయి, అందులో ఒకటి నా కిందే. నీ సెల్లు కూడా ఇచ్చారు. వెళ్ళేటప్పుడు ఖలందర్ పక్కకు పిలిచి, ఎన్నికలయ్యేదాకా వాళ్ళకు వాక్యాలు రాసిపెడతారా అని అడిగాడు. ఇంట్లో మీ అక్కను అడిగి చెబుతానన్నాను. అడగను.

లారీ పులివెందులకు ఇరవై ఏడున బయలుదేరుతుంది. ఖమర్‌బీతో చెప్పు. లాల్ బాషా ఎట్లా ఉన్నాడు?

దాసయ్య


పులివెందుల,
నవంబరు 30.

బావకు,

పెండ్లి బాగా జరిగింది. కుర్చీలు చాలక వంటోళ్ళవి గూడా తెచ్చి వేసినాం. వియ్యంకుల తరపున ఆ ఫోటో చూపించినాయన రెండు పంక్తులు దాటినా కుర్చీ ఇడిసింది ల్యా. ఖమర్‌బీ నీకు బిర్యానీ పంపిద్దామనింది, బస్సులో ఆగదని నేనే తినేసినా.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒకటుంది. చదివి తిట్టు.

ఆ ముక్క నీదని నాకు రెండో దినమే తెలుసు. అక్క మా ఇంటామెకు ఫోన్ చేసింది. “మీ బావ పొద్దునంతా ఫోన్ చూసుకోని నవ్వుకుంటాండె. సాయంత్రం నుంచి అన్నం ముట్టల్యా. ఏదో చేసినాడు” అనింది. నీ పేరు చెప్పింటే ఖలందర్ వచ్చిన దినమే కుర్చీలు ఇచ్చేటోడు. నోట్లోకి రాల్యా. నువ్వే చెప్తావులే అని నీకు జాబు రాసినా. నువ్వేమో వాక్యం బాగుందన్నావు. మా ఇంటామె నాలుగు దినాలు నవ్వింది. ఇంకో నెల చూసినా. పెండ్లి దగ్గరికొస్తాంది. నిన్ను కదిలిద్దామని లాల్ బాషా పేరు రాసినా. అతని మీద నాకు ఏ అనుమానమూ ల్యా. అతన్ని అడక్కుండా అతని పేరు వాడుకున్నా. నీ ఒక్కనికే రాసినా గదా, యాడికి పోతాదిలే అనుకున్నా. నువ్వు పదకొండు మందికే గదా అనుకున్నట్టే.

నిన్న భోజనాలయినాక కుర్చీలు మడుస్తా అతనికి అంతా చెప్పేసినా. నీదీ, నాదీ. అతను ఒక ఇరవై కుర్చీలు మడిచి పేర్చినాడు. తర్వాత అన్నాడు:

“మామా, నువ్వు మీ బావను కాపాడినావు. ఆయన వచ్చి నిన్ను కాపాడినాడు. మధ్యలో నేను యాడుండా?”

దీనికి జవాబు నీకు తెలిస్తే రాయి.

ఏం చెయ్యమంటావప్పా అని అడిగినా. ఇంకో వీడియో తీద్దామన్నా. వద్దన్నాడు. “ఫోన్లో చూసినోళ్ళు నన్ను ఒక్కరూ అడగల్యా, తలుపేసుకున్నారు. మా వీధిలో నలభై ఇండ్లున్నాయి. మీ ఇద్దరూ వచ్చి ఆ తలుపుల కాడ చెప్పండి” అన్నాడు. ఒప్పుకున్నా, నీ తరపున గూడా.

ఆదివారం చర్చి అయినాక నేరుగా ప్రొద్దుటూరు రా. అక్కను పిల్చుకోని రా, ఆమె ఉంటే నువ్వు ఉపన్యాసం చెప్పవు. కొన్ని ఇండ్లల్లో తిడతారు, కొన్ని ఇండ్లల్లో టీ ఇస్తారు, రెండూ తీసుకోవాల. లాల్ బాషా మన ఎనక రాడంట, ముందర నడుస్తాడంట. ప్రతి తలుపూ అతనే కొడతాడంట. తీసినాక మాట్లాడాల్సింది మనం.

పాలయ్య